వినోద స్కూబా డైవింగ్‌పై చట్టం ఎవరి మీద ఉండాలి: దిగేవారి మీదా, దింపేవారి మీదా?

సాగరనగరవాసి (విశాఖపట్నం)

సభ్యులందరికీ నమస్కారం. ఋషికొండ నుంచి భీమిలి వరకు ఉన్న మన తీరంలో స్కూబా డైవింగ్ ఇప్పుడు వింత కాదు. సెలవులు వస్తే చాలు, హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తున్నాయి. ఈత రానివారు సైతం కొద్దిసేపు శిక్షణ పొంది, వీపున సిలిండరు కట్టుకొని, శిక్షకుడి చేయి పట్టుకొని నీటి అడుగును చూసి వస్తున్నారు. సంతోషించవలసిన విషయమే. అయితే బోటు ఎక్కే ముందు వారి చేత సంతకం పెట్టించుకునే కాగితాన్ని ఒకసారి నిదానంగా చదవండి. ఏం జరిగినా, ఎవరి నిర్లక్ష్యం వల్ల జరిగినా, బాధ్యత అంతా సంతకం చేసినవారిదేనని నేను చూసిన కాగితాలు చెబుతున్నాయి.

మన దేశంలో వినోద డైవింగ్ కోసమంటూ ప్రత్యేక కేంద్ర చట్టం లేదు. కేంద్ర పర్యాటక శాఖ 2018లో వెలువరించిన సాహస పర్యాటక మార్గదర్శకాల్లో స్కూబాకు చోటు కల్పించారు గానీ, అవి మార్గదర్శకాలే తప్ప శాసనం కావు. సిలిండరు సంగతి వేరు. దానికి 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనలు ఉన్నాయి, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ఆమోదం ఉండాలి, గడువు ప్రకారం నీటి ఒత్తిడి పరీక్ష జరగాలి. మన చట్టానికి సిలిండరు తెలుసు, దాన్ని వీపున మోస్తున్న మనిషి మాత్రం తెలియడు.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన తరువాత ఏం జరిగిందో మనకు గుర్తుంది. బాగా నడిపేవారు, నడపనివారు అన్న తేడా లేకుండా పర్యాటక బోట్లన్నీ ఆగిపోయాయి. ప్రమాదం జరిగిన తరువాత ఒత్తిడిలో పుట్టే నిబంధన అలాగే ఉంటుంది. అందుకే ఏ ప్రమాదమూ లేని ఈ సమయంలోనే చర్చించుకుందామని ఈ అంశాన్ని ప్రారంభిస్తున్నాను. ప్రభుత్వం ఎంతవరకు జోక్యం చేసుకోవాలి? డైవర్‌కు ఏయే హక్కులు మిగలాలి?

కెయిర్న్స్ తెలుగు (ఆస్ట్రేలియా)

నేను ఉంటున్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఈ ప్రశ్నకు సమాధానం ఒక విషాదం తరువాత వచ్చింది. 1998 జనవరి 25న గ్రేట్ బ్యారియర్ రీఫ్‌కు వెళ్లిన ఒక డైవింగ్ బోటు, అమెరికన్ భార్యాభర్తలిద్దరిని సముద్రంలోనే వదిలి ఒడ్డుకు తిరిగి వచ్చేసింది. తల లెక్క తప్పింది. వారి సామాను బోటులోనే ఉండిపోయిందన్న సంగతి గమనించి, ఇద్దరూ తిరిగి రాలేదని గ్రహించేసరికి రెండు రోజులు గడిచాయి. వారి మృతదేహాలు నేటికీ దొరకలేదు.

ఇప్పుడు ఇక్కడ వినోద జలక్రీడల భద్రతకు 2011లో చేసిన ప్రత్యేక చట్టం అమలులో ఉంది. దాని నిర్మాణం ఈ చర్చకు పనికివస్తుందని వివరంగా రాస్తున్నాను. ఆ చట్టం ప్రధానంగా డబ్బు తీసుకొని డైవింగ్ చేయించే వ్యాపారి మీద బాధ్యత మోపుతుంది. నేనూ నా మిత్రుడూ సొంత సామగ్రితో, సొంత పడవలో వెళ్లి దిగితే ఆ నిబంధనల భారం మా మీద పడదు. బోటులో టికెట్టు కొనుక్కొని వెళ్లినప్పుడు మాత్రం పద్ధతి మొత్తం మారిపోతుంది. నీటిలోకి దిగే ముందు ఒక సిబ్బంది నా పేరు, దిగిన సమయం, సిలిండరులోని పీడనం రాసుకుంటారు. పైకి వచ్చాక తిరిగి వచ్చిన సమయం, వెళ్లిన గరిష్ఠ లోతు, మిగిలిన గాలి రాసి, ఆ వరుసలో నా చేత సంతకం చేయిస్తారు. ఇంకా చేతుల నుంచి నీళ్లు కారుతుండగానే సంతకం చేయాలి, అందుకే ఆ పుస్తకం అంచులు ఎప్పుడూ తడిసి ఉబ్బి ఉంటాయి. ఆ తరువాత బోటు కదిలే ముందు అందరినీ లెక్కించి నమోదు చేస్తారు. నీటి పైనుంచి డైవర్లను గమనిస్తూ ఉండే మనిషి మరొకరు ఉంటారు.

ఈ నిబంధనల్లో ఒక్కటి కూడా డైవర్‌గా నా స్వేచ్ఛను తగ్గించలేదని నా అనుభవం.

నీలిలోతు (బెంగళూరు)

కెయిర్న్స్ తెలుగు గారు చెప్పిన నమూనా బాగుంది గానీ, ప్రభుత్వాలన్నీ అక్కడే ఆగవు. నా అభ్యంతరం అందుకే. థాయిలాండ్‌ను చూడండి. 2025లో వచ్చిన నిబంధన ప్రకారం, నీటి అడుగున కెమెరా పట్టుకోవాలంటే అడ్వాన్స్‌డ్ స్థాయి ధ్రువపత్రం గానీ, కనీసం 40 డైవ్‌ల అనుభవం గానీ చూపించాలి. మాల్దీవులలో ఎంత అనుభవం ఉన్నవారైనా వినోద డైవింగ్‌లో 30 మీటర్లు దాటకూడదు. ఇజ్రాయెల్‌లో 1979 నుంచే వినోద డైవింగ్‌కు ప్రత్యేక చట్టం ఉంది. గ్రీసు మరీ కఠినం: నీటి అడుగున ఉన్న పురావస్తువులు దొంగల పాలవుతాయన్న భయంతో, 2005లో చట్టం మార్చేవరకు కొన్ని నిర్దేశిత ప్రాంతాల్లో తప్ప స్కూబాను అనుమతించనే లేదు. అంటే కొందరు దొంగల కోసం ఒక దేశపు సముద్రాన్ని దాదాపు మొత్తంగా డైవర్లందరికీ మూసివేశారు.

పర్వతారోహకుడు తన ప్రాణానికి తాను బాధ్యత వహిస్తాడని ఒప్పుకునే సమాజం, డైవర్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం చిన్నపిల్లవాడిని చూసినట్టు ఎందుకు చూడాలి? సరైన శిక్షణ ఉన్న ఇద్దరు పెద్దవారు జంటగా, గైడు లేకుండా దిగడం ప్రపంచమంతటా ఆమోదం పొందిన పద్ధతి. మన దేశంలో చాలా చోట్ల, ధ్రువపత్రం చూపించినా సరే, గైడు లేకుండా సిలిండరు అద్దెకు ఇవ్వరు. దీనికి చట్టం కారణం కాదు, చట్టం లేకపోవడం వల్ల పుట్టిన భయం కారణం. రేపు దాన్నే నిబంధనగా రాస్తే ఆ తలుపు శాశ్వతంగా మూసుకుపోతుంది.

బ్రిటన్‌లో 1997 నాటి డైవింగ్ నిబంధనలు పనిలో భాగంగా డైవింగ్ చేసేవారికి, అంటే జీతం తీసుకునే శిక్షకులకు కూడా, వర్తిస్తాయి. క్లబ్బులో సభ్యులుగా ఉండి ఒకరికొకరు నేర్పుకునేవారి జోలికి అవి రావు. గీత ఎక్కడ గీయాలో అక్కడ గీశారు.

న్యాయపథం (హైదరాబాదు)

న్యాయవాదిగా రెండు విషయాలు స్పష్టం చేస్తాను.

మొదటిది, సంతకం చేయించుకునే కాగితం గురించి. అందులో ఏం రాసి ఉన్నా అదే చివరి మాట అని పర్యాటకులు అనుకుంటారు, నిర్వాహకులూ అనుకుంటారు. అది సరికాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయపు ఒప్పందం అన్న భావనను తీసుకువచ్చింది. వినియోగదారుడి హక్కులను గణనీయంగా దెబ్బతీసే ఏకపక్ష షరతులున్న ఒప్పందాన్ని రాష్ట్ర కమిషన్ ముందు గానీ, విలువను బట్టి జాతీయ కమిషన్ ముందు గానీ ప్రశ్నించవచ్చు. సముద్రంలో సహజంగా ఉండే ప్రమాదాన్ని తెలిసి అంగీకరించడం వేరు, తుప్పు పట్టిన రెగ్యులేటరు (సిలిండరులోని గాలిని నోటికి అందించే పరికరం) ఇచ్చినవారి నిర్లక్ష్యాన్ని ముందే క్షమించడం వేరు. మొదటిదానికి ఆ సంతకం సాక్ష్యం కావచ్చు, రెండవదానికి కవచం కాకూడదు.

రెండవది, రాజ్యాంగం. డైవింగ్ కేంద్రం నడపడం 19వ అధికరణం కింద వృత్తి స్వేచ్ఛ. ప్రజాహితం కోసం దాని మీద సమంజసమైన ఆంక్షలు పెట్టవచ్చు. క్రీడలు, వినోదాలు రాష్ట్ర జాబితాలో 33వ అంశం కింద ఉన్నాయి కనుక రాష్ట్రానికి శాసనాధికారం లేదనలేం. అయితే ఆ ఆంక్ష సమంజసంగా ఉండాలి. ఒక చోట ప్రమాదం జరిగిందని తీరం పొడవునా డైవింగ్‌ను నిరవధికంగా ఆపివేయడం ఆ పరీక్షకు నిలబడడం కష్టం. తల లెక్క, నమోదు పుస్తకం, బోటులో ప్రాణవాయువు వంటి షరతులు తేలికగా నిలబడతాయి.

నీలిలోతు గారి వాదనలో నాకు ఒప్పుదల లేనిది ఒక్కటే. థాయిలాండ్ నిబంధన డైవర్ ప్రాణం గురించి కాదు, పగడపు దిబ్బ గురించి. తేలుతూ స్థిరంగా నిలవడం ఇంకా చేతకాని మనిషి ఫోటో కోసం పగడాన్ని పట్టుకుంటాడు, కాళ్లకు తొడిగిన ఫిన్నులతో తొక్కుతాడు. తన ప్రాణం మీద తనకు హక్కు ఉండవచ్చు గానీ, ఆ పగడం ఆయన సొత్తు కాదు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా దిబ్బలు కట్టే పగడాలకు, సముద్రపు గుర్రాలకు మొదటి షెడ్యూలులోనే రక్షణ కల్పించింది.

కాకినాడ వైద్యుడు

డైవింగ్ చేసేవాడిగా, వైద్యుడిగా నా మాట కూడా వినండి.

ప్రతి పది మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. పది మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు చోటు కోరుతుంది. భయపడి ఊపిరి బిగబట్టి పైకి లేచినవారికి తక్కువ లోతు నుంచే ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉంది. అందువల్ల ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ వంటి వాటి గురించి ముందే అడగడం తప్పనిసరి. ఆ అడిగే తీరు ఎలా ఉందో చూడండి. ఇసుకలో నిలబెట్టి, అత్తమామలు, బావమరుదులు, తోటి ఉద్యోగులు అందరూ చుట్టూ ఉండగా, "ఎవరికైనా ఆస్తమా ఉందా అండీ?" అని గట్టిగా అడుగుతారు. పెళ్లయి నెల తిరగని అమ్మాయి అక్కడ చేయి ఎత్తుతుందా? పైగా దిగకపోతే కట్టిన డబ్బు తిరిగి రాదని రసీదు మీదే ఉంటుంది. అబద్ధం చెప్పమని మనమే ప్రోత్సహిస్తున్నట్టు లెక్క.

నిబంధన రాస్తే ఇలా రాయాలని నా కోరిక: ఆరోగ్య ప్రశ్నావళిని ఎవరికి వారికి విడిగా, తెలుగులో ఇవ్వాలి. అందులోని వివరాలను గోప్యంగా ఉంచాలి. ఆరోగ్య కారణంతో ఆగిపోయినవారికి పూర్తి డబ్బు తిరిగి ఇవ్వాలి. ప్రతివారూ వైద్యుడి దగ్గర నుంచి ధ్రువపత్రం తేవాలన్న నిబంధనను మాత్రం నేను సమర్థించను. డైవింగ్ వైద్యం తెలిసినవారు మన దగ్గర బహు కొద్దిమంది. పరీక్ష చేయకుండానే సంతకం పెట్టిన కాగితాలు సందుకొకటి దొరుకుతాయి, వాటి వల్ల లేని ధీమా పెరుగుతుంది.

విశాఖకు ప్రత్యేకమైన విషయం ఒకటి ఉంది. లోతులో ఒంట్లో కరిగిన నత్రజని, పీడనం త్వరగా తగ్గితే బుడగలు కడుతుంది; అదే డీకంప్రెషన్ జబ్బు. అందుకే డైవింగ్ తరువాత విమానం ఎక్కడానికి ఆగవలసిన వ్యవధి ఒక్క డైవ్‌కు కనీసం 12 గంటలని, ఎక్కువ డైవ్‌లకు 18 గంటలని సాధారణ మార్గదర్శకం. ఎత్తైన కొండ ఎక్కినా సూత్రం అదే. మన పర్యాటకులు ఉదయం ఋషికొండలో దిగి, మధ్యాహ్నం సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకుకు బయలుదేరుతున్నారు. ఒక్కసారి తక్కువ లోతుకు దిగినవారికి ముప్పు తక్కువే గానీ, రెండు మూడు సార్లు లోతుకు దిగిన శిక్షణార్థులకు అది నిర్లక్ష్యం చేయదగినది కాదు. ఈ సంగతి వారికి ఎవరు చెప్పాలి? చెప్పడం చట్టబద్ధమైన విధి కావాలి. ప్రతి బోటులో ప్రాణవాయువు సిలిండరు, దాన్ని వాడడం తెలిసిన మనిషి ఉండాలి. డీకంప్రెషన్ జబ్బు వస్తే తీసుకువెళ్లవలసిన ఛాంబరు (పీడనం పెంచి చికిత్స చేసే గది) ఎక్కడుందో, ఎంతసేపు పడుతుందో కార్యాలయంలో రాసి పెట్టాలి. అండమాన్‌లో డైవింగ్ చేసేవారికి శ్రీవిజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) లోని నౌకాదళ ఆసుపత్రి ధన్వంతరి పేరు తెలుసు. మన తీరంలో దిగే పర్యాటకులను అడిగి చూడండి, అసలు ఛాంబరు అన్న మాటే విని ఉండరు.

టంపా ప్రవాసి (ఫ్లోరిడా)

అమెరికాలో వినోద డైవర్‌కు ప్రభుత్వం జారీ చేసే లైసెన్సు లేదు. ధ్రువపత్రాలు ఇచ్చేవి శిక్షణ సంస్థలు, అవి లేనిదే దుకాణం సిలిండరు నింపదు. ఈ స్వీయ నియంత్రణ చాలావరకు నడుస్తోంది. ప్రభుత్వం గట్టిగా నిలబడే చోటు వేరు. ఫ్లోరిడాలో డైవర్లు నీటిలో ఉన్నంతసేపు ఎర్రటి గుడ్డ మీద తెల్లటి వాలు గీత ఉన్న జెండా ఎగరేయాలి. సముద్రంలో అయితే 300 అడుగులు, నదుల్లో, కాలువల్లో అయితే 100 అడుగుల దూరం పాటించడానికి ఇతర బోట్లు ప్రయత్నించాలి. అంతకన్నా దగ్గరగా రావలసి వస్తే వేగం పూర్తిగా తగ్గించాలి. డైవర్లు కూడా ఆ పరిధిలోనే పైకి తేలడానికి ప్రయత్నించాలి, అందరూ బయటికి వచ్చాక జెండా దించేయాలి. నన్ను అడిగితే డైవర్‌కు నిజంగా అక్కరకు వచ్చిన హక్కు ఇదే. తల పైకెత్తేసరికి నెత్తి మీద ఇంజను రెక్కలు తిరగకూడదు.

ఇంకొక మాట. కచ్చులూరు ప్రమాదానికి పదమూడు రోజుల ముందు, 2019 సెప్టెంబరు 2న, కాలిఫోర్నియాలోని సాంటా క్రూజ్ దీవి దగ్గర లంగరు వేసి ఉన్న కన్సెప్షన్ అనే డైవింగ్ బోటు తెల్లవారుజామున తగలబడి 34 మంది మరణించారు. భారత సంతతి దంపతులు కూడా వారిలో ఉన్నారు. ఎవరూ డైవింగ్ చేస్తూ చనిపోలేదు, కింది అంతస్తులో నిద్రపోతున్నారు. రాత్రంతా ఒకరు మేలుకొని తిరుగుతూ కాపలా ఉండాలన్న నిబంధన ఆ బోటుకు అప్పటికే ఉంది. ఆ కాపలా లేదు. కెప్టెన్‌కు 2024లో నాలుగేళ్ల శిక్ష పడింది. రాయని నిబంధన కన్నా, రాసి ఎవరూ చూడని నిబంధన మరింత ప్రమాదకరం, ఎందుకంటే టికెట్టు కొన్నవాడు అది ఉందనుకొని నిద్రపోతాడు.

మంగమారిపేట

మీ అందరి రాతలూ చదివాను. మాది వేటకు వెళ్లే కుటుంబం. మా అన్నయ్య పడవ ఇప్పుడు సెలవు రోజుల్లో డైవింగ్ వారిని తీసుకువెళ్తోంది. ఇంతవరకు చర్చలో సముద్రం ఖాళీగా ఉన్నట్టు మాట్లాడుతున్నారు, అది ఖాళీగా లేదు. డైవర్లు చూడాలని కోరే రాతి గుట్టల దగ్గరే చేప ఎక్కువ ఉంటుంది, అక్కడే మేము వల వేస్తాం. వలకు కట్టిన బెండ్లు నీటి మీద కనిపిస్తాయి గానీ, కింద వల ఎటు సాగి ఉందో పైనుంచి తెలియదు. కొత్తవాళ్లు దాంట్లో చిక్కుకుంటే వారికి ప్రాణాపాయం, వల కోస్తే మాకు వేల రూపాయల నష్టం. రాతికి తగులుకొని తెగిపోయిన పాత వలలు కూడా అక్కడే ఉన్నాయి. వాటిని తీయడానికి డైవర్లు సాయపడితే మేము సంతోషిస్తాం.

జెండా విషయం బాగుంది. కానీ ఆ జెండా అర్థం ఏమిటో మా రేవులో ఎవరికి తెలుసు? చట్టం చేసి, తెలియని జెండాకు మా వాళ్ల మీద జరిమానా వేస్తే అన్యాయం. ముందు మత్స్యకార సంఘాల ద్వారా చెప్పించండి.

నా భయం మరొకటి కూడా ఉంది. లైసెన్సు అంటే రుసుము, రుసుము అంటే పెద్ద సంస్థలకే సాధ్యం. ఈ సముద్రం లోతుపాతులు తాతల నాటి నుంచి తెలిసిన మనిషిని బోటు తోలే కూలివాడిగా మిగిల్చి, నిన్న వచ్చిన కంపెనీకి యజమాని హోదా ఇచ్చే చట్టం మాకు వద్దు.

నీలిలోతు

మంగమారిపేట తమ్ముడు చెప్పింది న్యాయం. న్యాయపథం గారు పగడం గురించి చెప్పినదాన్ని కూడా అంగీకరిస్తాను: ఇతరులకు, ప్రకృతికి కలిగే నష్టం దగ్గర నా స్వేచ్ఛ ఆగుతుంది. సిమిలాన్ దీవులను థాయిలాండ్ ఏటా మే నడిమి నుంచి అక్టోబరు నడిమి వరకు మూసివేస్తే నేను ఎన్నడూ తప్పు పట్టలేదు.

నేను పట్టుబట్టేది ఇక్కడ మాత్రమే. మొదటిసారి దిగే పర్యాటకుడిని, శిక్షణ పొందిన డైవర్‌ను ఒకే నిబంధన కింద కట్టవద్దు. పర్యాటకుడు సేవను కొనుక్కుంటున్నాడు, అతనికి గాలి ఎంత మిగిలిందో చూసుకోవడం కూడా రాదు, అతని రక్షణ అంతా దింపేవారి చేతిలో ఉంది. శిక్షణ పొందినవాడు తన నిర్ణయాలు తాను తీసుకోవడానికే శిక్షణ పొందాడు. ఫ్రాన్సు క్రీడా నియమావళి 6, 12, 20, 40, 60 మీటర్ల మెట్లుగా లోతును విభజించి, ఏ అర్హత ఉన్నవారు ఎంతవరకు, గైడుతోనా స్వయంగానా అన్నది చెబుతుంది. అర్హతను బట్టి స్వాతంత్ర్యం పెరుగుతుంది. మన దగ్గర నిబంధన రాస్తే అందులో కూడా, అర్హులైన ఇద్దరు జంటగా గైడు లేకుండా దిగే హక్కును స్పష్టంగా రాయాలి. రాయకుండా వదిలేస్తే అధికారులు లేదన్నట్టుగానే అర్థం చెప్పుకుంటారు.

సాగరనగరవాసి

అందరి అభిప్రాయాలతో ఒక వినతిపత్రం తయారుచేసి పర్యాటక శాఖకు, మత్స్య శాఖకు పంపాలని అనుకుంటున్నాను. వైద్యుడి గారి ప్రశ్నావళి, డబ్బు తిరిగి ఇచ్చే నిబంధన అందులో ముందు ఉంటాయి. కెయిర్న్స్ తెలుగు గారిని ఒక సందేహం అడగాలి. మన దగ్గర బోటులో ఉండేది తోలేవారు, శిక్షకులు, ఒకరిద్దరు సహాయకులు. శిక్షకులందరూ నీటిలోనే ఉంటారు. మరి లెక్క ఎవరు చూడాలి?

కెయిర్న్స్ తెలుగు

నీటిలోకి దిగనివారే చూడాలి. మీ బోట్లలో అయితే అది తోలేవారి పని అవుతుంది, అందుకు వారికి అదనపు వేతనం ఇవ్వాలి. లెక్క పెట్టేటప్పుడు అందరూ కూర్చొని ఉండాలి, ఎవరూ అటూ ఇటూ తిరగకూడదు. పేరు పిలిచినప్పుడు పక్కవారు బదులు పలికితే దాన్ని హాజరుగా తీసుకోకూడదు, మనిషిని కంటితో చూడాలి. లెక్క సరిపోలేదంటే ఇంజను తిప్పకూడదు. ఆ ఒక్క అధికారం తోలేవారికి చట్టం ఇవ్వాలి, యజమాని ఫోను చేసి తొందరపెట్టినా సరే.

మంగమారిపేట

అలా అయితే మా అన్నయ్య పేరు ఆ కాగితం మీద తోలేవాడిగా కాక, బాధ్యుడిగా ఉంటుంది. అది మాకు ఇష్టమే. ఒక మనవి. వినతిపత్రం మీద మత్స్యకారుల అభిప్రాయం తీసుకోవడానికి సభ పెడితే వేట నిషేధ కాలంలో, ఏప్రిల్ 15కీ జూన్ 14కీ మధ్య పెట్టించండి. అప్పుడు పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, అందరం రాగలం.